రెండు వందల నలభై ఎనిమిదికి ఎనిమిది

యూడీన్ ఆలీన్ రమ్ము దుకాణంలో క్రికెట్ గురించి మాట్లాడాలంటే ఒక నియమం ఉంది. నీ కళ్లతో చూసిన ఇన్నింగ్స్ గురించే మాట్లాడాలి. టీవీలో చూసింది చెల్లదు. రేడియోలో విన్నది చెల్లదు. నాన్న చెప్పింది, పేపర్లో చదివింది, మనవడు ఫోన్లో చూపించింది, ఏదీ చెల్లదు. టికెట్టు కొన్నావో గోడ దూకావో అనవసరం. ఆ రోజు గ్రౌండ్‌లో ఉన్నావా లేదా అన్నదొక్కటే లెక్క.

నియమం పెట్టింది యూడీన్ తండ్రి. ఒక శనివారం ఇద్దరు మనుషులు జార్జ్ హెడ్లీ గొప్పా, బ్రాడ్‌మన్ గొప్పా అని వాదించుకుంటూ కిటికీ తలుపు విరగ్గొట్టారు. తర్వాత విచారిస్తే ఆ కొట్టుకున్న ఇద్దరిలో ఎవరూ ఈ ఆడిన ఇద్దరిలో ఎవరినీ చూడలేదని తేలింది. తలుపు బాగు చేయించాక ఆయన నియమం చెప్పాడు. ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది. నియమం మాత్రం ఉంది.

దానివల్ల బార్బడోస్ దీవిలోని స్ప్రింగర్స్ గ్యాప్ అనే ఆ ఊళ్లో క్రికెట్ చరిత్ర వేరేగా నడిచింది. బ్రాడ్‌మన్ బార్బడోస్‌లో ఎప్పుడూ టెస్టు ఆడలేదు కాబట్టి అక్కడ అతని పేరెత్తే హక్కు ఎవరికీ లేదు. హెడ్లీని చూసిన చివరి మనిషి పోయినేడు ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆయనతోపాటు హెడ్లీ కూడా పోటీలోంచి వెళ్లిపోయాడు. 1958లో హనీఫ్ మహమ్మద్ ఇదే దీవిలో మూడు వందల ముప్ఫై ఏడు కొట్టాడు. అది చెట్టెక్కి చూశానన్న ముసలాయన ఒకడుండేవాడు. మధ్యలో రెండు పూటలు చెట్టు మీదే నిద్రపోయానని ఆయనే ఒప్పుకున్నాడు గనక సాక్ష్యం కొట్టేశారు. టెండూల్కర్‌ని 97లో చూసినవాళ్లు ముగ్గురున్నారు. తొంభై రెండు బాగా కొట్టాడన్నారు. ఆ మ్యాచ్‌లోనే నూట ఇరవై కొట్టలేక ఇండియా ఎనభై ఒకటికి ఔటయిన సంగతి గుర్తొచ్చి దుకాణమంతా నవ్వింది. నవ్వాక ఆ పేరు నిలబడలేదు.

మామూలుగా ఈ వాదన శనివారం మధ్యాహ్నపు కాలక్షేపం. యూడీన్ నిమ్మరసంలో ఊరేసిన పంది మాంసం, చిలగడదుంప పుడింగు అమ్ముతుంది. మగవాళ్లు తింటారు, డామినో బిళ్లలు బల్ల మీద బాదుతారు, వాదించుకుంటారు. ఆ ఏడాది మాత్రం దానికో ఫలితం ఉంది. తుపానుకు పడిపోయిన స్కోరుబోర్డు స్థానంలో ఊరి క్లబ్బు కొత్తది కట్టింది. బోర్డు పైన అడ్డంగా ఒక పలక బిగించారు. క్రికెట్ పుట్టినప్పటి నుంచి ఆడినవాళ్లలో అందరికన్నా గొప్ప బ్యాట్స్‌మన్ ఎవరో అతని పేరు ఆ పలక మీద రాయాలి. కమిటీ మూడుసార్లు కూర్చుని తేల్చలేక దుకాణానికి వదిలేసింది.

దుకాణంలో ఓటున్నవాళ్లు ఏడుగురు. పదేళ్లు శనివారాలు తప్పకుండా వచ్చినవాళ్లకే ఓటు. వారానికో పేరు తీసేస్తూ వచ్చారు. వీక్స్ వెళ్లాడు. రిచర్డ్స్ వెళ్లాడు. మే నెల మూడో వారానికి రెండు పేర్లు మిగిలాయి. సోబర్స్, లారా.

సోబర్స్ ఈ దీవి బిడ్డ. పేరుకు ముందు 'సర్' అనకపోతే పెద్దవాళ్లు పిల్లల్ని మందలిస్తారు. లారాది ట్రినిడాడ్. ఈ దీవులన్నిటికీ జట్టు ఒకటే అయినా ట్రినిడాడ్ వాడు చుట్టమే గానీ ఇంటివాడు కాడు. బార్బడోస్ గ్రౌండ్‌లో, బార్బడోస్ క్లబ్బు బోర్డు మీద ట్రినిడాడ్ వాడి పేరు రాయాలన్న మాట ఆ ఊళ్లో మొదట అన్నవాడు ఆస్విన్ గిటెన్స్.

ఆస్విన్‌కు అరవై ఏడేళ్లు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ముప్ఫై ఐదేళ్లు చేసి మానేశాడు. ఊళ్లో అతన్ని గ్రీజు అంటారు. అతను ఎక్కువ మాట్లాడడు. కానీ ఏడాదికొకసారి, మార్చి ఆఖరి శనివారం నాడు, దుకాణంలో డామినో ఆపేసి అతని చేత ఒక గంట మాట్లాడిస్తారు. 1999 మార్చి ముప్ఫై, మంగళవారం, ఈ దీవి రాజధానిలోని కెన్సింగ్టన్ గ్రౌండ్‌లో ఆస్ట్రేలియా మీద లారా నూట యాభై మూడు కొట్టి ఒక్క వికెట్ తేడాతో గెలిపించిన రోజు. ఆస్విన్ ఆ రోజు ఆట, ముఖ్యంగా చివరి గంట చెబుతాడు. ఆంబ్రోస్ ఎలా అడ్డుగోడలా నిలబడ్డాడో, ఆఖరున బ్యాటింగ్ రాని వాల్ష్ వస్తుంటే స్టాండ్‌లో జనం తలలెలా పట్టుకున్నారో, లేచి నిలబడి చూపిస్తాడు. వినడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. ఆ చెప్పడం వల్లే ఏడు ఓట్లలో లారాకు మూడు పడే పరిస్థితి వచ్చింది. ఒకటి ఆస్విన్‌ది. మిగతా రెండూ ఆ రోజు గ్రౌండ్‌కు వెళ్లని మనుషులవి. వాళ్లకు మాట్లాడే హక్కు లేదు, ఓటు హక్కు ఉంది.

ఇందులో ఒక్కటే తిరకాసు. ఆ చివరి గంట ఆస్విన్ గ్రౌండ్‌లో లేడు.

ఉదయం ఉన్నాడు. అది చెరకు ఆడే కాలం. ఫ్యాక్టరీలో సెలవు దొరకదు. జ్వరమని కబురు పంపి, ఊళ్లో ఎవరికీ చెప్పకుండా ఒక్కడే వెళ్లాడు. మూడు వందల ఎనిమిది కొట్టాలి. నూట ఐదుకే ఐదు వికెట్లు పోయాయి. లారా, ఆడమ్స్ కలిసి ఆటను తిప్పారు. ఎండ నెత్తికెక్కినా ఆస్విన్ కదల్లేదు. తర్వాత వరసగా మూడు పడ్డాయి. రెండు వందల నలభై ఎనిమిదికి ఎనిమిది. ఇంకా అరవై కావాలి. ఆంబ్రోస్ వస్తున్నాడు. ఆ తర్వాత వాల్ష్ తప్ప ఎవరూ లేరు. ఆస్విన్ లేచాడు. పక్కవాళ్ల మోకాళ్లు దాటుకుంటూ గేటు దాకా నడిచాడు. ఓడిపోవడం చూడలేకపోయాడు, అంతే. ఆ మాటకొస్తే ఆ రోజు లేచి వెళ్లినవాడు అతనొక్కడే కాకపోవచ్చు. కానీ వెళ్లానని చెప్పినవాడు ఈ దీవిలో ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.

మిగతాదంతా టీవీలో చూశాడు, పేపర్లో చదివాడు, ఉన్నవాళ్ల దగ్గర విన్నాడు. భార్యకు కూడా నిజం చెప్పలేదు. ఆమె పోయి ఎనిమిదేళ్లయింది. లారా తరఫున మాట్లాడటం ఎందుకు మొదలుపెట్టాడో అతనికి తెలుసు. ఒక మనిషి మీద నమ్మకం లేక లేచి వెళ్లిపోయాడు. ఆ మనిషి పేరు ఊరి పలక మీద రాయిస్తే ఆ బాకీ తీరుతుందనుకున్నాడు. దానికి అబద్ధం అవసరమైంది. అబద్ధం లేకపోతే నియమం ప్రకారం నోరు విప్పడానికే లేదు.

ఆ శనివారం ఓటు. లెక్క అందరికీ తెలుసు. సోబర్స్‌కు మూడు, లారాకు మూడు. ఏడోవాడు పింట్. చేపలు పట్టే మనిషి, అసలు పేరు పడవ లైసెన్సు మీద తప్ప ఎక్కడా లేదు. అతను రిచర్డ్స్ మనిషి. రిచర్డ్స్ పేరు తీసేసిన వారం దుకాణానికి రావడమే మానేశాడు. తర్వాతి వారం పుడింగు కోసం వచ్చాడు. ఇద్దరూ మాట్లాడండి, ఎవరి కళ్లను నమ్మితే వాళ్లకేస్తానన్నాడు.

సోబర్స్ తరఫున కత్‌బర్ట్ ఇయర్‌వుడ్ మాట్లాడాడు. బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై ఏళ్లు. 1960లో ఇంగ్లండ్ మీద సోబర్స్ రెండు వందల ఇరవై ఆరు కొట్టినప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూశాడు. అది మించినది లేదన్నాడు. సోబర్స్ బంతిని కొట్టేవాడు కాదు, దానికి తోవ చూపించేవాడన్నాడు. తండ్రి భుజం ఎముక తొడ కింద గుచ్చుకోవడం ఇప్పటికీ గుర్తుందన్నాడు. బల్ల దగ్గర ఒకరిద్దరు తలూపారు. పింట్ ఊపలేదు, తింటున్నాడు.

ఆస్విన్ లేవబోతుండగా గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మనిషి చెయ్యెత్తాడు.

అతని పేరు సిల్వన్ ఫోర్డ్. పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి తండ్రి. కూతురి దగ్గర ఉండటానికి ఊళ్లోకి వచ్చి రెండు వారాలయింది. దుకాణానికి రావడం అదే మొదటిసారి. యూడీన్ అతనికి ఓటు లేదని చెప్పింది. తెలుసన్నాడు. నియమం కూడా చెప్పింది. అదీ తెలుసు, అమ్మాయి చెప్పిందన్నాడు.

"ఆ రోజు లారా ఆట నేను చూడలేదు, మిస్ యూడీన్. కానీ ఆ ఆట వల్ల ఒక మనిషికి ఏమైందో నా ఈ రెండు కళ్లతో చూశాను. అది చెప్పొచ్చా, చెప్పకూడదా?"

యూడీన్ గరిటె పక్కన పెట్టి ఆలోచించింది. నియమంలో ఇలాంటిది లేదు. కత్‌బర్ట్ వంక చూసింది. ఆయన కూడా ఆలోచించి, మనిషిని చూశానంటున్నాడు గనక మనిషి గురించి చెప్పొచ్చన్నాడు.

సిల్వన్ అప్పుడు వ్యాన్ డ్రైవరు. రాజధానిలోని చీప్‌సైడ్ స్టాండ్ నుంచి పడమటి తీరం వెంబడి స్పైట్స్‌టౌన్ దాకా తోలేవాడు. ఆ మధ్యాహ్నం వ్యాన్ నిండటానికి అరగంట పట్టింది. ఊరంతా గ్రౌండ్‌లోనో రేడియో పక్కనో ఉంది. ఎక్కినవాళ్లు ఆసుపత్రి నుంచి వస్తున్న ఆడవాళ్లు, బడి నుంచి వస్తున్న పిల్లలు. చివర్న ఒక మగమనిషి ఎక్కి సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. ఒళ్లో ఒక గిన్నె, దాని మీద గుడ్డ కట్టి ఉంది. చొక్కా జేబులో గ్రౌండ్ టికెట్టు ముక్క పైకి కనిపిస్తోంది.

ఆస్విన్ మళ్లీ కూర్చున్నాడు. తేలు కుట్టినా దొంగ అరవలేడు. సిల్వన్ అతన్ని చూస్తూనే చెబుతున్నాడు, అందర్నీ చూసినట్టే. ఇరవై నాలుగేళ్ల కిందట ఆస్విన్‌కు గడ్డం లేదు, పొట్ట లేదు, తల మీద జుట్టుండేది.

టికెట్టు చూసి సిల్వన్ ఆ మనిషిని అడిగాడట, ఆట అయిపోయిందా అని. అయిపోయినట్టేనన్నాడట. మరి రేడియోలో ఆడుతూనే ఉన్నారే అంటే గిన్నె మీద గుడ్డ ముడి సవరించుకున్నాడట. వ్యాన్ బయల్దేరింది. ఈగిల్ హాల్ దాటేసరికి ఇంకా ముప్ఫై కావాలి. బ్లాక్ రాక్ దగ్గరికి వచ్చేసరికి ఆంబ్రోస్ ఔటయ్యాడు. మూడు వందల రెండుకు తొమ్మిది. ఆరు పరుగులు, ఒక్క వికెట్, వాల్ష్ వస్తున్నాడు. సిల్వన్ వ్యాన్ రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. వెనక వస్తున్న బస్సు కూడా ఆగింది. దాని వెనక చెరకు లారీ ఆగింది. హారన్ ఎవరూ కొట్టలేదు.

"లారా ఆ ఫోరు కొట్టాడు చూడండి, వ్యాన్‌లో ఆసుపత్రి నుంచి వస్తున్న ముసలమ్మ, కాలికి కట్టుంది, సీటెక్కి నిలబడింది. అందరూ అరుస్తున్నారు. నా వెనకాయన ఒక్కడే అరవలేదు. గిన్నె పట్టుకుని అట్లా కూర్చున్నాడు, ఎవరో చచ్చిపోయినట్టు. ఆయన మొహం నేను అద్దంలో చూశాను. ఆటలో గెలిచాక అట్లాంటి మొహం నేను ఎక్కడా చూడలేదు. తలుపు తీయమన్నాడు. దిగి, వచ్చిన దారినే నడవడం మొదలెట్టాడు. గిన్నె సీట్లోనే మర్చిపోయాడు. చేప, అన్నం. ముట్టుకోలేదు."

"గిన్నె ఏమైంది?" అని పింట్ అడిగాడు.

"మా ఆవిడ ఆరేళ్లు వాడింది."

దుకాణం నవ్వింది. నవ్వు ఆగాక ఒకడు, వాడి పేరు తెలిస్తే పలక మీద అదే రాయిద్దామన్నాడు. ఇంకొకడు, వాడు కచ్చితంగా ట్రినిడాడ్ వాడే అయ్యుంటాడు, బార్బడోస్ వాడు టికెట్టుకు డబ్బులు పెట్టాక చివరి బంతి దాకా లేవడన్నాడు. కత్‌బర్ట్ నవ్వలేదు. అటువంటి మనిషికి టికెట్టు అమ్మకూడదన్నాడు. టికెట్టు కొన్నవాడు ఆటకు మాట ఇచ్చినట్టు, గెలుపుకు కాదన్నాడు. ఆయన బడిలో కూడా ఇలాగే మాట్లాడేవాడు. ఆస్విన్ అందరితోపాటు నవ్వాడు. కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టి అందరికన్నా ముందు ఆపేశాడు.

సిల్వన్ చెప్పాలనుకున్నది ఇంకోటుంది. సెంచరీలు చాలామంది కొడతారు, అన్నాడు. వదిలేసి వెళ్లినవాణ్ని వెనక్కి నడిపించిన బ్యాట్స్‌మన్ తనకు తెలిసి ఒక్కడే. తన మాట అంతే. ఇక చూసినవాళ్లే చెప్పాలన్నాడు.

యూడీన్ ఆస్విన్ పేరు పిలిచింది.

ఆస్విన్ లేచి, ఎప్పుడూ మొదలుపెట్టే చోటే మొదలుపెట్టాడు. నాలుగో రోజు సాయంత్రం ఎనభై ఐదుకు మూడు. అయిదో రోజు ఉదయం. అక్కడిదాకా అన్నీ నిజాలే, వాటిని చెప్పడం తేలిక. ఆడమ్స్ దాకా వచ్చాడు. ఏడో వికెట్, ఎనిమిదో వికెట్. రెండు వందల నలభై ఎనిమిదికి ఎనిమిది అన్నాడు. అక్కడ ఎప్పుడూ కాసేపు ఆగుతాడు. ఆ ఆగడం వినేవాళ్లకు ఇష్టం. తర్వాత ఆంబ్రోస్ నడిచి రావడం చూపిస్తాడు.

ఆగినప్పుడు సిల్వన్ మాట్లాడాడు. మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

"ఇరవై నాలుగేళ్లుగా ఒకటి అడగాలని ఉంది, సార్. ఉన్నానన్నవాళ్లని చాలామందిని అడిగాను, సరిగ్గా చెప్పలేదు. వాల్ష్ మొదటి బంతి ఆడబోయే ముందు రేడియోలో ఒక్క క్షణం ఏమీ లేదు. కామెంటరీ ఆయన కూడా ఆగిపోయాడు. నేను రేడియో పాడైందనుకుని చేత్తో కొట్టాను. ఆ క్షణంలో గ్రౌండ్‌లో ఎలా ఉంది? మీరు విన్నారు కదా. ఏం వినిపించింది?"

అతను పరీక్షించడం లేదు. ముందుకు వంగి, నోరు కాస్త తెరిచి వింటున్నాడు. ఆస్విన్ దగ్గర ఆ చివరి గంటకు సంబంధించి చాలా ఉంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఉంది, ఎన్ని బంతులో ఉంది, కీపర్ హీలీ ఏ చేత్తో క్యాచ్ వదిలాడో ఉంది. నిశ్శబ్దం ఎలా ఉందో లేదు. టీవీ దాన్ని చూపించలేదు, పేపరు రాయలేదు. ఏదో ఒకటి చెప్పొచ్చు. జనం ఊపిరి వినిపించిందనొచ్చు, ఎక్కడో పిల్ల ఏడ్చిందనొచ్చు. చెబితే నమ్ముతారు. నోటి దాకా వచ్చింది కూడా.

"నాకు తెలీదు" అన్నాడు ఆస్విన్.

సిల్వన్ ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఆస్విన్ గుర్తు చేసుకుంటున్నాడేమో అనుకున్నాడు.

"నాకు తెలీదయ్యా. నేనప్పుడు నీ వెనక సీట్లో ఉన్నా."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. పింట్ నవ్వబోయాడు. ఆస్విన్ మొహం చూసి మానుకున్నాడు. ఆ గిన్నె తెల్లది, అంచు మీద నీలం గీత, ఒక పక్క పెచ్చు లేచింది అన్నాడు ఆస్విన్. సిల్వన్ అతని దగ్గరికొచ్చి గడ్డం కింద నుంచి పైకి చూశాడు, కారు కొనేవాడు చూసినట్టు. తర్వాత వెనక్కి వెళ్లి తన చోట నిలబడ్డాడు. అవునన్నాడు. ఆ మాట యూడీన్ వైపు తిరిగి అన్నాడు.

తర్వాత కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇన్నేళ్లూ చెప్పిందంతా ఏమిటని ఒకరు, ఆ ఆంబ్రోస్ నడక ఎక్కణ్నుంచి వచ్చిందని ఒకరు. టీవీ నుంచి అన్నాడు ఆస్విన్. వాల్ష్ వచ్చినప్పుడు పక్క సీట్లో ఆయన జపమాల తీశాడన్నావే అంటే, అది నేనే కల్పించానన్నాడు. అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. సర్దిచెప్పుకోలేదు. ఎందుకు లేచి వెళ్లావని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ దుకాణంలో ఉన్న ప్రతివాడికీ రెండు వందల నలభై ఎనిమిదికి ఎనిమిది అంటే ఏమిటో తెలుసు.

యూడీన్ చేతులు కడుక్కుని వచ్చింది. చూడని ఇన్నింగ్స్ గురించి మాట్లాడినవాడి ఓటు పోతుందని చెప్పింది. ఎన్నాళ్లు పోతుందన్నది ఆమె తండ్రి చెప్పలేదు. కత్‌బర్ట్ ఒక ఏడాది అన్నాడు. ఇన్నేళ్లు చెప్పాడు కదా, ఏడాది సరిపోదన్నాడు ఒకడు. సగం ఇన్నింగ్స్ చూశాడు కాబట్టి సగం ఓటు ఉంచాలని ఇంకొకడన్నాడు. యూడీన్ ఆ సగం మాట కాసేపు నిజంగానే ఆలోచించింది. చివరికి ఒక ఏడాదే ఖాయం చేసింది.

ఓటుకు ఆరుగురు మిగిలారు. చేతులెత్తారు. సోబర్స్‌కు మూడు. లారాకు రెండు. పింట్ చెయ్యి ఇంకా లేవలేదు. అతను లారాకేస్తే మూడుకు మూడు, అప్పుడు ఇంకో శనివారం. ఆస్విన్ అతని వంక చూశాడు.

"నా వంక చూడకు, గ్రీజూ" అన్నాడు పింట్. "నీకేద్దామనే వచ్చా ఇవాళ. నీ కళ్లని చూసి వేద్దామనుకున్నా, లారాని చూసి కాదు. నువ్వు చెప్పింది మావాడికి చెప్పా. వాడు బళ్లో చెప్పాడు, టీచరమ్మ చప్పట్లు కొట్టించింది."

"ఫోరు నిజమే కదా, పింట్. అతను కొట్టింది నిజమే కదా."

"నిజమే. నువ్వు నాకిచ్చింది మాత్రం అది కాదు."

పింట్ సోబర్స్‌కు చెయ్యెత్తాడు. నాలుగు, రెండు. యూడీన్ ఆ అంకెలు సుద్దముక్కతో గోడ మీద రాసి, కమిటీకి చూపించడానికి ఫోన్లో ఫొటో తీసుకుంది. కత్‌బర్ట్ డామినో బిళ్లలు బోర్లించి కలపడం మొదలుపెట్టి, నాలుగో మనిషి కావాలన్నాడు. చూసేది ఆస్విన్‌నే. ఆస్విన్ తర్వాత ఆడతానన్నాడు.

అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎండ రోడ్డు అవతలికి జరిగింది. కొంతసేపటికి సిల్వన్ రెండు గ్లాసులు తెచ్చి ఒకటి అతని పక్కన పెట్టాడు. తను నోరు తెరవకుండా ఉండాల్సిందన్నాడు. తెరవకపోయినా అంతేనన్నాడు ఆస్విన్. ఆ ప్రశ్నతో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వచ్చేవారన్నాడు. గిన్నె గురించి కాసేపు మాట్లాడుకున్నారు. చేప బాగుందా అని ఆస్విన్ అడిగాడు. బాగుంది, ఉప్పు కొంచెం తక్కువన్నాడు సిల్వన్. మా ఆవిడ ఉప్పు తక్కువే వేసేదన్నాడు ఆస్విన్.

"దిగి ఎక్కడికి నడిచారు?"

"గ్రౌండ్‌కే. మళ్లీ లోపలికి వెళ్దామని."

"ఆట అయిపోయాక?"

"అయిపోయాకే. ఎందుకో అడగొద్దు. పరిగెత్తా కూడా కొంత దూరం. ఈగిల్ హాల్ దగ్గర జనం ఎదురొచ్చారు, గ్రౌండ్ నుంచి. గిన్నెల మూతలు, సీసాలు, ఏది దొరికితే అది వాయించుకుంటూ. రోడ్డు నిండా. ఒకావిడ నా జేబులో టికెట్టు ముక్క చూసింది. చొక్కా పట్టుకుని ఆపేసింది. ఆవిడ గ్రౌండ్‌కి పోలేదు, ఇంట్లోంచి అప్పుడే బయటికొచ్చింది, చేతికి పిండి ఉంది. చూశావా అంది."

సిల్వన్ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. తాగలేదు.

"ఏం చెప్పమంటావ్. ఆవిడ మొహం అంత దగ్గరగా ఉంది. చూశానన్నా. చివరి షాట్ ఎట్లా కొట్టాడు, చూపించు అంది. కవర్స్ మీదుగా అని నీ రేడియోలో విన్నా కదా. చేత్తో చూపించా. ఇంకో ఇద్దరు ఆగారు. మళ్లీ చూపించమన్నారు. మళ్లీ చూపించా. ఎవడో వాళ్ల పిల్లాణ్ని ఎత్తుకొచ్చి, వీడికి చూపించన్నా అన్నాడు. మూడోసారి లారా లాగా మోకాలు కూడా వంచా."